స్లిక్ సిక్స్ శాపం కథ ఎక్కడ పుట్టింది? తెలిసినవాళ్లు చెప్పండి

కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో ఎస్‌ఎల్‌సీ-6 అనే రాకెట్ ప్రయోగ వేదిక ఉంది, ముద్దుగా స్లిక్ సిక్స్ అంటారు. చుమాష్ ఆదివాసుల సమాధుల మీద కట్టడం వల్ల దానికి శాపం తగిలిందని ఒక కథ. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి ఏరికోరి ఇదే పట్టుకుంది, టెన్షన్ మాత్రం నాకు!

చరిత్ర చూస్తే దాని జాతకం నిజంగానే బాగోలేదు. వ్యోమగాములు ఉండే సైనిక నిఘా కేంద్రం కోసం 1966లో పని మొదలుపెట్టారు, 1969లో ఆ ప్రాజెక్టే రద్దయింది. తర్వాత స్పేస్ షటిల్ కోసం వందల కోట్ల డాలర్లు పోశారు. 1986లో ఛాలెంజర్ ప్రమాదం జరిగాక అక్కడి నుంచి ఒక్క షటిల్ కూడా ఎగరలేదు. 1995లో మొదటిసారి పైకి లేచిన రాకెట్ అదుపు తప్పితే మధ్యలోనే పేల్చేశారు. మరి 2006 నుంచి డెల్టా-4 రాకెట్లు బాగానే ఎగిరాయిగా, శాపం ఏమైనట్టు?

సమాధుల సంగతికి పురావస్తు ఆధారం ఏదైనా ఉందా, వరుస దెబ్బల తర్వాత అల్లిన కథా? చుమాష్ వాళ్లే దీని గురించి ఏమన్నారో ఎవరైనా చదివారా?

(మనం నవ్వడానికేం లేదులెండి. మన ఇస్రో రాకెట్లలో పీఎస్‌ఎల్‌వీ-సీ12 తర్వాత వచ్చింది సీ14, పదమూడు మాయం. ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మకు దండం ఉండనే ఉంది.)