పాప బొడ్డు ఊడిన చోట చెమ్మ: ఏదైనా పెట్టాలా, అలాగే వదిలేయాలా?

ప్రశ్న:
మా పాపకు ఈ రోజుకు తొమ్మిది రోజులు. నిన్న ఉదయం బొడ్డు ఊడింది. ఊడిన చోట కొంచెం చెమ్మగా ఉండి, లంగోటాకు శనగబద్దంత పసుపు మరక అంటుతోంది. చుట్టూ చర్మం మామూలుగానే ఉంది, పాలు బాగా తాగుతోంది. పసుపు, ఆముదం కలిపి పెడితే త్వరగా ఆరుతుందని అత్తయ్యగారు అంటున్నారు. ఆసుపత్రిలో మాత్రం ఏమీ పెట్టవద్దని చెప్పి పంపారు. మరొక సందేహం కూడా ఉంది. షుగరు ఉన్న మా మామయ్యగారికి బొడ్డులో దురద, దుర్వాసన ఉన్నాయి. అది పాపకు అంటుకుంటుందా?

జవాబు 1 (పసిపిల్లల వార్డు నర్సు):
బొడ్డు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడుతుంది. ఆ తర్వాత కొద్ది రోజులు చెమ్మ, చిన్న మరక ఉండడం సహజమే. పసుపు, ఆముదం, పౌడరు ఏవీ వద్దు. వాటితో చెమ్మ లోపలే నిలిచిపోతుంది, ఇంట్లోని పసుపులో క్రిములు లేవని ఎవరూ చెప్పలేరు. లంగోటాను బొడ్డు కిందికి మడిచి గాలి తగలనివ్వండి, చేతులు కడుక్కున్నాకే ముట్టుకోండి. అయితే చుట్టూ ఎరుపు పాకినా, వాచినా, చీము లేదా దుర్వాసన వచ్చినా, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చినా, జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం తగ్గినా, తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నెలలోపు పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరగలదు కాబట్టి, ఆసుపత్రిలో చేర్చి నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు.

జవాబు 2:
మా బాబుకు బొడ్డు ఊడిన తర్వాత లోపల కందిగింజంత ఎర్రటి తడి కండ మిగిలిపోయి, రెండు వారాలైనా ఆరలేదు. దాన్ని గ్రాన్యులోమా అంటారని చెప్పి డాక్టరు సిల్వర్ నైట్రేట్ అద్దారు, అది క్రమంగా ఎండిపోయింది. మీ పాపకూ చెమ్మ అలాగే ఉంటే ఒకసారి చూపించండి.

జవాబు 3:
మీ మామయ్యగారిది చాలావరకు ఫంగస్ అయి ఉండవచ్చు. షుగరు ఉన్నవారికి, లోతైన బొడ్డులో చెమట నిలిచేవారికి ఇది తరచూ వస్తుంది. రోజూ సబ్బునీటితో మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడవాలి. డాక్టరు చూసి ఫంగస్ అని తేల్చితే సాధారణంగా క్లోట్రిమజోల్ క్రీము రాస్తే సరిపోతుంది. చీము, నొప్పి ఉంటే సొంతవైద్యం వద్దు. షుగరు కూడా పరీక్షించుకోవాలి. పాపను ఎత్తుకోవచ్చు, కానీ ముందు చేతులు కడుక్కోవాలి, తువ్వాలు మాత్రం వేరుగా ఉంచండి.

అడిగినవారు:
లంగోటా కిందికి మడిచాను, సాయంత్రానికి మరక సగానికి తగ్గింది. ఆముదం సీసాను అత్తయ్యగారే లోపల పెట్టేశారు. మామయ్యగారు రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు.