జీపు పెట్రోలు ట్యాంకు ఊడి రావడం లేదు, గ్యాస్ కటింగ్ చేయించొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి పాత మహీంద్రా జీపు, ఎత్తు బానెట్ ఉండే సీజే-3బి, పెట్రోలు బండి. పదకొండేళ్లుగా రేకుల షెడ్డులోనే ఉంది. మళ్లీ రోడ్డెక్కించాలని పని మొదలుపెట్టాను. డ్రైవరు సీటు తీసి, కింద ట్యాంకును పట్టి ఉంచే పట్టీ విప్పబోతే ఒక బోల్టు వచ్చింది. రెండోదాని తల అరిగి గుండ్రంగా అయిపోయింది. మా ఊరి వెల్డింగ్ మేస్త్రి 'ట్యాంకు ఖాళీయే కదా, కట్టరు పెట్టి పట్టీ కోసేద్దాం' అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ కట్టరును నీ షెడ్డు దరిదాపుల్లోకి రానివ్వకు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. అడుగున మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరై లోపలి గాలితో కలుస్తుంది. ఆ ఆవిరి గాలిలో ఇంచుమించు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. పదకొండేళ్లలో అంతా ఎగిరిపోయి ఉంటుందిలే అనుకోకు. బంకలా గట్టిపడిన పెట్రోలు కూడా వేడి తగిలితే మళ్లీ ఆవిరి వదులుతుంది. గ్రైండరు, డ్రిల్లు కూడా వద్దు.

బండిని షెడ్డులోంచి ఆరుబయటికి తోయించు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున గుంటల్లో నిలుస్తుంది. బ్యాటరీ ఎర్త్ తీగ తీసెయ్. ట్యాంకులో మిగిలింది చేతి పంపుతో లాగు. నోటితో పీల్చొద్దు.

ఇక బోల్టు సంగతి. నువ్వు వాడింది 13 నంబరు, అంటే 13 మిల్లీమీటర్ల స్పానరేనా? ఈ జీపు అమెరికా విల్లీస్ డిజైను, బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. బోల్టు తల అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 స్పానరు పట్టినట్టే పట్టి, బిగువుగా ఉన్నచోట జారి తల అరగదీస్తుంది. అంగుళాల సైజు ఆరు పలకల సాకెట్ తెచ్చుకో. అరిగిన తలకు ఆకురాయితో రెండు వైపులా చదును చేసి పైప్ రెంచి వేయొచ్చు. రెండు రోజులు పూటపూటా తుప్పు వదిలే ఆయిల్ చుక్కలు వేస్తూ ఉండు. తిప్పేటప్పుడు ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పు. అప్పటికీ రాకపోతే మామూలు హాక్సా బ్లేడుతో, ఆయిల్ చుక్కలు వేస్తూ, నిదానంగా కోయి. అరగంట పడుతుంది, పట్టనీ.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. మీరన్నట్టే 13 నంబరే వాడాను. బ్లేడుతో కోస్తే బోల్టు వచ్చేసింది. కానీ పట్టీ తీసినా ట్యాంకు వెంట్రుకవాసి కూడా కదలడం లేదు! గునపం పెట్టి లేపమంటారా?

మరొకరి జవాబు:
గునపం వద్దు బాబూ. ట్యాంకు రెండు రేకు ముక్కలు కలిపి చేసింది. ఆ అతుకు దగ్గర ఎత్తితే అతుకే విప్పుకుంటుంది. మా జీపుకు నేను అలాగే చేసి మంచి ట్యాంకు పాడుచేసుకున్నాను. ఈ రోజుకీ బాధగానే ఉంటుంది.

దాన్ని పట్టుకున్నది బోల్టు కాదు, మట్టి. ట్యాంకు ఫ్లోరులోని గుంటలో కూర్చుంటుంది. చక్రాలు చిమ్మిన బురద, తుప్పు పొడి, ఎప్పుడో ఎవరో పూసిన తారు, అన్నీ ఆ సందులో చేరి పిడకలా గట్టిపడతాయి. ముందు పెట్రోలు పైపు నట్టు విప్పు. ఒక స్పానరుతో ఫిట్టింగు కదలకుండా పట్టుకుని, ఇంకోదానితో నట్టు తిప్పాలి. లేకపోతే పైపు మెలితిరిగి చీలుతుంది. పెట్రోలు ఎంతుందో చూపే గేజి తీగ తీసి, మూత బిగించి, రంధ్రాలకు గుడ్డ కుక్కు. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్లు సందు చుట్టూ పోసి రాత్రంతా నాననివ్వు. తెల్లారి పాత రంపపు బ్లేడు ముక్కతో మట్టి గోకు. తారు ఉన్నచోట చేపల గాలానికి వాడే నైలాను దారం దూర్చి, రెండు చివర్లూ పట్టుకుని రంపంలా అటూ ఇటూ లాగు, కోసుకుపోతుంది. చివరికి గుంటకు అడుగున రంధ్రం ఉంటే అందులోంచి చెక్క ముక్క పెట్టి చిన్న జాకీతో పైకి నొక్కు, ఒక్కో పావు తిప్పు మాత్రమే. పైనుంచి ఇంకొకరు అరచేతులతో ఊపుతూ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చేసింది! మూడో రోజు పొద్దున, జాకీ నాలుగోసారి తిప్పగానే చప్పరించినట్టు ఒక చప్పుడు, ఇంత ముద్ద తడి మట్టితో సహా పైకి లేచింది. ట్యాంకు అడుగు రేకు బాగానే ఉంది. గుంట మాత్రం ఒక మూల వేలు దూరేంత చిల్లు పడింది. దానికి వెల్డింగ్ పెట్టించొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు:
పెట్టించు. కానీ ట్యాంకు, పెట్రోలు పైపు, తడిసిన గుడ్డలు అన్నీ ఇంటి అవతలి వైపుకు చేర్చాకే మేస్త్రిని పిలువు. ట్యాంకు తిరిగి కూర్చోబెట్టేటప్పుడు కింద గోనెగుడ్డ వేయకు, నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. రబ్బరు ముక్కలు వేసి, నీరు పోయే రంధ్రం మూసుకోకుండా చూడు.