అసెంబ్లీలో మా చప్టా ప్రశ్న లిస్టులో ఉంది, కానీ పిలవలేదు. ఇప్పుడేం చేయాలి?

టీ అంగడి (నెల్లూరు జిల్లా):
అందరికీ నమస్కారం. ఊరి పేరు చెప్పను. చెబితే ఎమ్మెల్యే గారెవరో తెలిసిపోతుంది, ఆయన మీద నాకే కోపమూ లేదు. మా ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక వాగుంది. దాని మీద చప్టా నాలుగేళ్ల కిందట సగం కొట్టుకుపోయింది. అక్టోబరు దాటాక తుఫాను వాన ఒకటి పడిందంటే రెండు మూడు రోజులు పాల వ్యాను రాదు, బడికెళ్లిన పిల్లలు అవతలి ఒడ్డునే బంధువుల ఇళ్లలో పడుకుంటారు. తిరగ్గా తిరగ్గా ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో ప్రశ్న వేశారు. మొన్న రాత్రి పీఏ ఫోన్ చేసి, 'రేపు మీ ప్రశ్న లిస్టులో ఉంది, టీవీ చూడండి' అన్నాడు.

ఇంకేం, అంగట్లో టీవీ పెట్టి ఊళ్లో పదిహేను మందిని పిలిచా. తొమ్మిదికి గంట మోగింది, స్పీకర్ గారు వచ్చారు, సభ్యులంతా లేచి నిలబడ్డారు, మా వాళ్లలో ఒకాయన ఇక్కడ కూడా లేచి నిలబడ్డాడు. మాది 9వ నంబరు. ఆరోది నడుస్తుండగానే ప్రశ్నల టైం అయిపోయిందన్నారు. ఇంకెప్పుడైనా పిలుస్తారేమోనని మధ్యాహ్నం ఒంటిగంట దాకా కూర్చున్నాం. చప్టా మాటే రాలా. నలభై టీలు పోయాయి, సగం అప్పు.

ఇప్పుడు ఎవరు కనబడినా 'ఏమబ్బా, నీ ప్రశ్న ఏమైంది' అంటున్నారు. అది మురిగిపోయినట్టేనా? మళ్లీ వేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ:
మురిగిపోయినట్టే అన్నా. గంట దాటితే ఆ ప్రశ్న పని అయిపోయినట్టే. వచ్చే సమావేశాల్లో కొత్తగా వేయించుకోవాలి.

పాత గుమాస్తా (కావలి):
తమ్ముడూ, అట్లా చెప్పి ఆయన్ని బెదరగొట్టొద్దు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక శాఖలో అసెంబ్లీ ప్రశ్నలు చూసే సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. ప్రశ్న మురిగిపోలేదు. జవాబు ఇప్పటికే అచ్చులో ఉంది. మీరు దాని కోసం టీవీలో వెతికారు, అది కాగితం మీద ఉంది.

టీవీలో మీకు ప్రశ్న కనబడిందే గానీ దాని వెనక నడిచింది కనబడదు. సభ్యుడు ప్రశ్న ఇచ్చేది చాలా రోజుల ముందే. అది శాసనసభ కార్యాలయం నుంచి సంబంధిత శాఖకు వస్తుంది. మేం దాన్ని ఎల్‌ఏక్యూ అంటాం, లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అని. ఎల్‌ఏక్యూ వచ్చిందంటే సెక్షన్‌లో అందరి టిఫిను బాక్సులూ మూత పడాల్సిందే. అక్కడి నుంచి చీఫ్ ఇంజనీరు ఆఫీసుకి, జిల్లాలో ఎస్‌ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరు), ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), చివరికి మీ మండలం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) ఫోన్లు. ఆ ఏఈ బండేసుకుని మీ చప్టా దగ్గరికి వెళ్లి ఫొటో తీసుకుని ఉంటాడు, మీరు చూసి ఉండరు. కింది నుంచి పైకి వచ్చిన సమాచారంతో జవాబు రాసి, మంత్రి గారు ఒప్పుకున్నాక అచ్చుకి పంపుతారు. దాంతో పాటు ఇంకొక కాగితం కూడా తయారవుతుంది, నోట్ ఫర్ సప్లిమెంటరీస్ అని. సభలో ఎవరైనా లేచి ఎదురు ప్రశ్న వేస్తే మంత్రి గారు తడబడకుండా ఉండటానికి. అసలు లెక్కలన్నీ అందులో ఉంటాయి.

ఇక సభలో జరిగేది. లిస్టులో ఉన్నవి నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు, అంటే సభలో నోటిమాటగా జవాబు రావాల్సినవి. నక్షత్రం లేనివాటికి రాతపూర్వకంగానే జవాబు వస్తుంది. నక్షత్రం ఉన్నదాన్ని కూడా సభలో పూర్తిగా చదవరు. స్పీకర్ నంబరు పిలుస్తారు, మంత్రి 'జవాబు సభ ముందు ఉంచాను అధ్యక్షా' అంటారు. ఆ తర్వాత నడిచేదంతా అనుబంధ ప్రశ్నలే. ప్రశ్న వేసిన సభ్యుడు రెండు అడుగుతాడు, పక్క నియోజకవర్గం ఆయన 'మా దగ్గర కూడా అధ్యక్షా' అని లేస్తాడు, ఇంకొకాయన లేస్తాడు. మొదటి ప్రశ్న మీదే పావుగంట పోతుంది. 9వ నంబరు దాకా రావడం ఏ రోజూ గ్యారంటీ కాదు. నా సర్వీసులో 8, 9, 10 నంబర్లు వచ్చిన రోజు మా సెక్షన్‌లో అందరం హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లం. పాపం, అడిగినవాళ్లకది ఇష్టం ఉండదు.

టైం చాలక పిలవని ప్రశ్నల జవాబులు కూడా సభ ముందు ఉంచినట్టే లెక్క. రికార్డులోకి ఎక్కుతాయి. మీరు పోగొట్టుకున్నది ఎమ్మెల్యే గారు లేచి మంత్రిని నిలదీసే అవకాశం ఒక్కటే. జవాబు కాపీ ఎమ్మెల్యే గారి దగ్గర ఉంటుంది, పీఏని అడగండి. శాసనసభ వెబ్‌సైటులోనూ ప్రశ్నలు, జవాబులు పెడుతుంటారు. అది దొరికాక ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.

టీ అంగడి:
పెద్దాయనా, ధన్యవాదాలు. పీఏ వాట్సాప్‌లో పంపాడు. ఊరు, వాగు పేర్లు తీసేసి ఉన్నదున్నట్టు కొడుతున్నా.

(అ) సదరు చప్టా వరదలకు దెబ్బతిన్న మాట వాస్తవమేనా? జవాబు: అవునండీ.
(ఆ) అయితే, దాని స్థానంలో ఎత్తైన వంతెన నిర్మించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉందా? జవాబు: అంచనా తయారు చేయబడింది. పరిశీలనలో ఉంది.
(ఇ) ఉన్నట్లయితే, పనులు ఎప్పటిలోగా చేపడతారు? జవాబు: నిధుల లభ్యతను బట్టి చేపట్టబడతాయి.

ఇంతే. మూడు లైన్లు. మా పదిహేను మందీ ఇది చదివి 'ఏం లేదుగా ఇందులో' అన్నారు.

పాత గుమాస్తా:
లేదనుకోవద్దు. ఇట్లాంటివి నా చేత్తో వందలు రాశాను, ఏ మాట ఎందుకు పడిందో చెబుతా.

'అవునండీ' అన్న ఒక్క మాట మీకు బంగారం. చప్టా దెబ్బతిన్నదని ప్రభుత్వం సభలో ఒప్పుకుంది. రేపు ఆఫీసులో ఎవరైనా 'అది చిన్న రిపేరేలే' అంటే ఈ కాగితం చూపించండి. అదే చోట 'లేదండీ' అని ఉంటే, కింద రెండింటికీ 'ఉత్పన్నం కాదు' అని వచ్చేది. అప్పుడు మీరు మొదటికొచ్చినట్టు.

'అంచనా తయారు చేయబడింది' అంటే ఒక ఎస్టిమేటు ఫైల్లో ఉంది, దానికో తేదీ, ఒక మొత్తం ఉన్నాయి. తయారు కాకపోతే ఆ మాట రాయనివ్వరు, సభకు తప్పు చెబితే సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం దాకా పోతుంది. అక్కడ ఎవరూ సాహసం చేయరు.

'పరిశీలనలో ఉంది' అన్నది మాత్రం గుమాస్తా మాట. ఎవరి పరిశీలన? ఈఈ బల్ల మీదా, ఎస్‌ఈ దగ్గరా, సచివాలయంలోనా, ఆర్థిక శాఖలోనా? అది కావాలనే రాయరు. మీరు కనుక్కోవాల్సింది అదే. ఎస్టిమేటు తర్వాత పరిపాలనా అనుమతి, దాని తర్వాత సాంకేతిక అనుమతి, ఆ తర్వాతే టెండరు. మీది మొదటి మెట్టు మీద ఉంది.

'నిధుల లభ్యతను బట్టి' అంటే ఈ ఏడాది బడ్జెట్లో పెట్టలేదని మర్యాదగా చెప్పడం.

ఇంకొక సంగతి. జవాబు మీద ఏ మంత్రి పేరుంది, పంచాయతీరాజా, రోడ్లు భవనాలా? ఆ రోడ్డు ఎవరిదో అక్కడే తేలిపోతుంది. సగం ఊళ్లలో ఈ ఒక్కటి తెలియక ఏళ్ల తరబడి తప్పు ఆఫీసుకి అర్జీలు పెడుతుంటారు.

టీ అంగడి:
పంచాయతీరాజ్ అని ఉంది! మేం ఇన్నాళ్లూ ఆర్ అండ్ బీ వాళ్ల చుట్టూ తిరిగాం.

సరే, ఎలాగూ రోజంతా చూశాం కాబట్టి ఇంకో రెండు డౌట్లు. పన్నెండు దాటాక ఒక బిల్లు పది నిమిషాల్లో పాస్ అయిపోయింది. స్పీకర్ గారు అవునన్నవాళ్లు, కాదన్నవాళ్లు అంటూ గబగబా చదువుకుంటూ పోయారు, ఎవరూ చెయ్యి కూడా ఎత్తలా. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. అట్టా పాస్ చేస్తే చెల్లుతుందా?

ఒంగోలు మాస్టారు:
నేను సోషల్ చెప్పేవాణ్ణి, ఇది నాకు వదిలేయండి. చెల్లుతుంది. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం సభ నడవడానికి పదిమంది గానీ, మొత్తంలో పదోవంతు గానీ, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలి. మన సభలో 175 మంది, పదోవంతు పదిహేడున్నర. అంటే 18 మంది ఉంటే చాలు. దాన్నే కోరం అంటారు.

గబగబా చదివినది మూజువాణి ఓటు. బిల్లు ప్రతులు ముందే సభ్యులకు ఇస్తారు. చర్చకు ఎవరూ లేవకపోతే క్లాజులన్నీ కలిపి ఒక గుత్తగా అడిగేస్తారు. అవుననే గొంతులే ఎక్కువ వినబడితే ఆమోదించినట్టు ప్రకటిస్తారు. ఎవరికైనా అనుమానం ఉంటే డివిజన్ కోరవచ్చు, అప్పుడు తలలు లెక్కపెట్టాల్సిందే. సంఖ్యాబలం ఒకవైపే బాగా ఉంటే ఆ అవసరం రాదు. అక్కడితో చట్టం అయిపోదు, శాసనమండలికి వెళ్లాలి, తర్వాత గవర్నర్ ఆమోదం కావాలి.

లెక్క ఎంత ముఖ్యమో మన జిల్లా వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయింది ఒక్క ఓటుతోనే. 1954 నవంబరు, ఆంధ్ర రాష్ట్ర శాసనసభ కర్నూలులో ఉన్న రోజులు. మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసం పెట్టారు. క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాడొకడు 'ఆ ఒక్కడూ ఎవరు సార్' అని అడిగేవాడు.

సింగరాయకొండ:
నేను చెప్పింది తప్పని తేలింది, క్షమించండి. నాదీ ఒక ప్రశ్న. ఎమ్మెల్యే గారు జీరో అవర్‌లో లేచి అడిగేస్తే సరిపోయేది కదా?

పాత గుమాస్తా:
అడగొచ్చు. పొద్దున్నే స్పీకర్‌కి చీటీ పెట్టుకుంటే పేరు వచ్చినప్పుడు రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు. కానీ అక్కడ మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాలన్న కట్టుబాటు లేదు. 'నోట్ చేసుకున్నాం' అంటే అయిపోయింది. టీవీలో ఎమ్మెల్యే గారు బాగా కనబడతారు, ఊళ్లో క్లిప్ తిరుగుతుంది. మీ మూడు లైన్ల కాగితానికి మాత్రం అది సాటి రాదని నా అభిప్రాయం. దాని వెనక ఫైలు కదిలింది.

ఒంగోలు మాస్టారు:
ఇంకో దారి కూడా ఉంది, చాలామంది మర్చిపోతారు. మండలిలో 58 మంది ఉన్నారు. పాత ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు కలిపిన తూర్పు రాయలసీమ నియోజకవర్గానికి పట్టభద్రుల ఎమ్మెల్సీ, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఉంటారు. వాళ్లు మండలిలో ప్రశ్న వేయొచ్చు. మళ్లీ 'పరిశీలనలో ఉందా' అని వేయించొద్దు. 'ఎస్టిమేటు ఏ తేదీన ఏ ఆఫీసుకి పంపారు, మొత్తం ఎంత' అని వేయించండి. జవాబు అంకెల్లో రావాలి. మా స్కూలు ప్రహరీ గోడకి అట్లాగే చేశాం. ఓట్లడగడానికి స్టాఫ్ రూముకి వచ్చినవాళ్లే కదా, అడిగితే కాదనరు.

కందుకూరు లాయర్:
ఆ అంకెలకు అప్పటిదాకా ఆగడం ఎందుకు? సమాచార హక్కు కింద ఇప్పుడే తెచ్చుకోవచ్చు. పంచాయతీరాజ్ ఈఈ ఆఫీసులో పౌర సమాచార అధికారికి అర్జీ. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది. మండల స్థాయి ఆఫీసైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు కార్డుంటే దాని జిరాక్స్ పెట్టండి, అసలు ఫీజే అక్కర్లేదు.

రాసేటప్పుడు 'ఎందుకు కట్టలేదు' అని అడగొద్దు. ఎందుకు అన్నదానికి సమాచారం కాదని తిప్పి పంపుతారు. అసెంబ్లీ ప్రశ్న నంబరు వేసి, ఈ చప్టా ఎస్టిమేటు నకలు, దాన్ని పై ఆఫీసుకి పంపిన ఉత్తరం నకలు, పైనుంచి వచ్చిన జవాబేదైనా ఉంటే దాని నకలు, ఇంతే అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ మీద సీలు వేయించుకోకుండా కౌంటరు వదిలి రావద్దు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇక్కడే జారిపోతారు.

టీ అంగడి:
రాసేశా లాయర్ గారూ. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, దాని చేత నీట్‌గా రాయించా. జవాబు కాపీ జిరాక్స్ తీసి అంగట్లో గోడకి అంటించాను, 'అవునండీ' కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి. వచ్చినవాళ్లంతా చదువుతున్నారు. సోమవారం పొద్దున్నే ఈఈ ఆఫీసుకి బయల్దేరుతున్నా.

పాత గుమాస్తా:
సోమవారం వద్దు నాయనా. ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమం ఉంటుంది, ఆఫీసర్లంతా అక్కడే కూర్చుంటారు, మీకు ఖాళీ కుర్చీలు కనబడతాయి. మంగళవారం పదిన్నరకి వెళ్లండి.