వరి గడ్డి గ్యాస్ ప్లాంటుకు పోవాలా, పొలంలోనే కలవాలా?

పరకాల రైతు:
యాసంగి కోతలు అయ్యాయి, మా దిక్కు మళ్లీ పొగ మొదలైంది. హార్వెస్టర్ పోయాక కొయ్యలు, చాళ్లుగా పడ్డ గడ్డి మిగులుతాయి. కూలి పెట్టి ఏరించే స్తోమత లేక అగ్గి పెడుతున్నాం. పోయినేడు నేనూ పెట్టాను. గట్టు మీద మా నాయన కాపాడుకున్న తాటిచెట్టు మాడిపోయింది. అప్పటి నుంచి మనసు ఒప్పడం లేదు. ఈ గడ్డి, ఊళ్లోని పెండ కలిపి ఊరుమ్మడి గ్యాస్ ప్లాంటు పెట్టుకోవాలన్నది నా మాట. పొలంలోనే కలియదున్నమనేవాళ్లు, వానాకాలం కోతకు యాసంగి నాటుకు మధ్య ఎన్ని రోజులు దొరుకుతాయో చెప్పండి. గడ్డి మురగకముందే నాటు పడుతుంది, పైరు పసుపురంగుకు తిరుగుతుంది.

జమ్మికుంట నుంచి:
అన్నా, మీ బాధ నిజమే. కానీ ప్లాంటు కావాలనేది మగవాళ్లు, రోజూ పెండ కలిపేది ఆడవాళ్లు. మా అత్తగారింట్లో గోబర్ గ్యాస్ ఉండేది. తెల్లారకముందే లేచి పెండ మోసి, దానికి సమానంగా నీళ్లు పోసి, పుల్లలు రాళ్లు ఏరి, ఉండలు లేకుండా చేత్తో పిసికి వదిలేదాన్ని. నీళ్లు కూడా బావి నుంచి తెచ్చుకున్నవే. ఎడ్లను అమ్మి ట్రాక్టరు కిరాయికి మాట్లాడుకోవడం మొదలయ్యాక పెండ తగ్గింది, మంట సన్నబడింది. సిలిండర్ రాగానే మూత పెట్టేశారు. అంతకుముందు ఒకసారి మామయ్య గడ్డి కూడా వేశారు. అది పైకి తేలి మందంగా అట్టకట్టింది, గ్యాస్ ఆగిపోయింది. కూలీలను పెట్టి తోడించాల్సి వచ్చింది. గడ్డి వేయమనేముందు ఈ సంగతి కూడా చెప్పండి.

హన్మకొండ నుంచి, వ్యవసాయం చదివినవాణ్ణి:
అక్కా, ఆ అట్టకు కారణం ఉంది. గ్యాస్ ప్లాంటు గుంతలో పనిచేసేది ఒకే రకం సూక్ష్మజీవి కాదు. మొదటి గుంపు పీచును చక్కెరలుగా విడగొడుతుంది. తర్వాతివి ఆ చక్కెరలను పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి. చివరి గుంపు ఆ ఆమ్లాల నుంచి పొయ్యిలో మండే మీథేన్ గ్యాస్ తీస్తుంది. ఈ చివరివి చాలా సున్నితం. గాలి తగిలితే బతకవు, పులుపు ఎక్కువైతే పని ఆపేస్తాయి. 35 డిగ్రీల వేడి వాటికి హాయి, అందుకే మన ఎండాకాలంలో గ్యాస్ బాగా వస్తుంది, చలికాలంలో తగ్గుతుంది.

పెండ బర్రె కడుపులో సగం అరిగి వస్తుంది, ఆ సూక్ష్మజీవులనూ వెంట తెస్తుంది. వరి గడ్డిలో లిగ్నిన్ అనే గట్టి కర్ర పదార్థం, ఇసుకలాంటి సిలికా ఉంటాయి కాబట్టి త్వరగా అరగదు. పైగా ఈ సూక్ష్మజీవులకు మేతలో నత్రజని ఒక పాలు ఉంటే కార్బన్ 20 నుంచి 30 పాళ్లు ఉండాలి, వరి గడ్డిలో 60 దాటుతుంది. కాబట్టి ఒట్టి గడ్డితో పని కాదు. సన్నగా నరికి, గ్యాస్ తీశాక గుంత నుంచి బయటికి వచ్చే పలుచని పెండనీళ్లలోనే, అంటే స్లర్రీలోనే, కొన్నాళ్లు నానబెట్టి, పెండలో కొద్దికొద్దిగా కలపాలి. పత్తి కట్టె అసలే వద్దు, అది కర్రతో సమానం.

పొలంలో కలపడం తప్పు కాదు. కానీ నీళ్లు నిలిచిన మడిలో మురగని గడ్డి కలిపితే అవే సూక్ష్మజీవులు అక్కడా మీథేన్ చేస్తాయి. మడిలో అడుగు వేస్తే బుడగలు వస్తాయే, అందులో ఉండేది అదే. పొయ్యి కింద మండాల్సింది గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. గుంతలో అయితే కార్బన్ గ్యాస్‌గా పోయినా నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలో మిగిలి పొలానికే తిరిగి వస్తాయి. గడ్డి కాలిస్తే నత్రజని దాదాపు అంతా పోతుంది.

నర్సంపేట పాడి రైతు:
గడ్డి ముందు పశువుకు. బర్రె తినగా మిగిలినదీ, కాళ్ల కింద తొక్కినదీ గుంతకు. మాకు ఎనిమిది బర్లు. రోజూ 25 కిలోల పెండ వేస్తే రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాస్ లెక్క, నెలంతా కలిపితే దాదాపు ఒక సిలిండర్. రెండు బర్లు కట్టేసి పెంచేవాళ్లకు ఇది సరిపోతుంది. మేతకు తోలితే పెండ సగం బయటే పోతుంది. నాకు గ్యాస్ కంటే స్లర్రీ ముఖ్యం. కాలువ నీళ్లతో కలిపి మడికి వదులుతాను, ఎండబెట్టను. ఎండబెడితే నత్రజని ఎగిరిపోతుంది.

పరకాల రైతు:
గడ్డి ఎక్కువ, పెండ తక్కువ వేసినా ప్లాంటు నడుస్తుందనుకున్నాను, అది నా పొరపాటే. మా ఊళ్లో పశువులు తక్కువ, గడ్డే ఎక్కువ. అయినా కాల్చడానికి మాత్రం ఒప్పుకోను. బేలర్‌తో కట్టలు కట్టించి పాడి ఉన్న ఊళ్లకు పంపుతాం. వాళ్లు గడ్డికి బదులు స్లర్రీ ఇవ్వగలరా? నర్సంపేట అన్నా, ట్రాక్టరు ట్యాంకరు కిరాయి ఎవరు పెట్టుకోవాలో చెప్పండి.

జమ్మికుంట నుంచి:
ఊరుమ్మడి అయితే పెండ కలపడానికి మిక్సర్ మోటారు పెట్టండి, పనిచేసేవాళ్లకు రోజు కూలి ఇవ్వండి. అది ముందే కాగితం మీద రాస్తే నేను మీ దిక్కే.