ప్లాస్మా కణాలను గుర్తించడానికి సీడీ138 ఒక్కటే సరిపోతుందా?

మజ్జ పరిశీలకుడు:
మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) అనుమానంతో వచ్చిన ఎముక మజ్జ బయాప్సీలో ప్లాస్మా కణాలను (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలను) లెక్కించడానికి, కణం మీది సీడీ138 అనే గుర్తుకు రంగు పట్టించే స్టెయిన్ ఒక్కటి చాలని నా వాదన. మజ్జలోని రక్తకణాలలో మరేదీ ఆ గుర్తును ఇంత గట్టిగా చూపదు. మామూలు రంగుల్లో కంటికి ఆనని ఒంటరి కణాలు కూడా ఈ స్లైడు మీద స్పష్టంగా తేలతాయి. మజ్జ కణాల్లో ప్లాస్మా కణాలు 10 శాతం ఉన్నాయా అన్న దగ్గర నిర్ధారణ తేలే వ్యవహారం కాబట్టి లెక్క కచ్చితంగా ఉండటమే ముఖ్యం. పరీక్షల జాబితా పెంచడం ఎందుకు?

ఫ్లో బల్ల:
స్లైడు వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ 10 శాతం క్లోనల్ కణాలు, అంటే ఒకే కణం నుంచి పుట్టినవి కావాలి. దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్‌తో పెరిగిన మంచి ప్లాస్మా కణాల మీద కూడా సీడీ138 ఉంటుంది. అన్నీ ఒకే కణం సంతతి అని తేల్చాలంటే యాంటీబాడీలోని కాపా, లామ్డా అనే రెండు రకాల గొలుసుల్లో ఏది పెరిగిందో చూడాల్సిందే.

కణాలను ద్రవంలో ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీలో అయితే భయం ఇంకా ఎక్కువ. సీడీ138 అంటే సిండెకాన్-1 అనే ప్రోటీన్. కణం ఉపరితలం నుంచి అది ఊడిపోగలదు, చావుకు దగ్గరైన కణాల మీద నిలవదు. ఒకసారి మాకు రెండు రోజులు ఆలస్యంగా నమూనా వచ్చింది. సీడీ138తో వెతికితే దాదాపు ఏమీ లేదు. ప్లాస్మా కణాల మీద ఉండే మరో గుర్తు సీడీ38తో చూస్తే ఒక గుంపు మొత్తం వెలుగుతూ కనిపించింది. మొదటి ఫలితమే పంపి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆందోళనగా ఉంటుంది.

వార్డు వైద్యురాలు:
అలాగని సీడీ38నే నమ్ముకోలేం. 2015లో అమెరికాలో అనుమతి పొందిన మైలోమా మందు డారాటుముమాబ్ పట్టుకునేది ఆ సీడీ38నే. మందు అక్కడ కూర్చుంటే పరీక్ష యాంటీబాడీకి చోటు దొరకదు, కణాలు ఉన్నా లేనట్టే కనిపిస్తాయి. ఆ మందు తీసుకున్న రోగులకు సీడీ138తో పాటు సీడీ319 అనే మరో గుర్తు కూడా చూడమని మా ల్యాబును అడుగుతాను. ఏ మందు, ఎప్పుడు ఇచ్చామో రాసి పంపడం మాత్రం మా బాధ్యతే. ఆ పని మేము తరచుగా మరచిపోతున్నాం.

మజ్జ పరిశీలకుడు:
క్లోనల్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది లెక్కతో తేలదు. అయినా ఒకే స్టెయిన్ వేయగల ల్యాబు ఉంటే నేను సీడీ138నే ఎంచుకుంటాను.

ఫ్లో బల్ల:
నేనూ దాన్నే ఎంచుకుంటాను. అయితే కొన్ని కార్సినోమాలు (చర్మం, అవయవాల పొరల్లో పుట్టే క్యాన్సర్లు) కూడా ఆ గుర్తును చూపుతాయి. మజ్జకు పాకిన కార్సినోమాను ప్లాస్మా కణాలుగా లెక్కవేయకుండా కణం రూపం చూడండి. ఫ్లో నివేదికలో ‘ప్లాస్మా కణాలు లేవు’ అనే మాట మాత్రం వద్దు. ‘సీడీ138 ఉన్న కణాలు కనిపించలేదు’ అని రాసి, నమూనా సేకరించి ఎన్ని గంటలైందో పక్కనే పెట్టండి.