అప్‌డేట్: నొయ్యల్ నీళ్ల ఎరుపు బురదదా, అద్దకానిదా?

తమిళనాడులో బట్టల అద్దకం యూనిట్లున్న తిరుప్పూర్ దిగువన నొయ్యల్ నది నీళ్లు ఎర్రగా కనిపిస్తున్నాయి, అది బురదో అద్దకం రంగో ఎలా తేల్చుకోవాలని అడిగాను కదా. చాలామంది టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) మీటర్ పెట్టి చూడమన్నారు. చూశాను. ఊరికి ఎగువన లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంది, దిగువన 2,000 దాటేసింది.

అయితే ఆ మీటర్ రంగును పట్టదు, కరిగిన ఉప్పును పడుతుంది. నూలుకు రియాక్టివ్ రంగులు (నూలుతో రసాయనికంగా అతుక్కునే అద్దకం రంగులు) పట్టాలంటే మామూలు ఉప్పో, సోడియం సల్ఫేటో దండిగా వేయాలి కాబట్టి అనుమానం బలపడింది, అంతే. ఊరి మురుగులోనూ ఉప్పు ఉంటుందిగా!

మా బావ కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన నీళ్లను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టించారు. పైన గోధుమరంగు మడ్డి ఆగింది, కిందికి దిగిన నీళ్లు మాత్రం ఇంకా గులాబీగానే ఉన్నాయి. బురద ఒక్కటే అయితే అక్కడే తేటపడాలి. తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (నీళ్లు ఏ కాంతిని ఎంత పీల్చుకుంటాయో కొలిచే యంత్రంలో) 400 నుంచి 700 నానోమీటర్ల దాకా స్కాన్ చేస్తే 520 దగ్గర గీత గుట్టలా లేచింది, అంటే ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని ఎర్రగా కనిపించే రంగేదో నీళ్లలో ఉందన్నమాట. ఎగువ నీళ్లకు ఆ గుట్ట లేదు. అది ఏ అద్దకం రంగు అన్నది దీంతో తేలదు, దానికి వేరే పరీక్షలు కావాలి.

క్లోరిన్ వేస్తే సరిపోతుందన్నవాళ్లకు: వేశాం, రంగు చాలావరకు విరిగింది, టీడీఎస్ మాత్రం తగ్గలేదు. పైకి తేటగా కనిపించే ఆ నీళ్లే నాకు ఎక్కువ టెన్షన్. 2011లో మద్రాస్ హైకోర్టు ఇక్కడి అద్దకం యూనిట్లను మూయించింది కూడా ఈ వ్యర్థజలాల గొడవతోనే.

కొన్ని అద్దకం రంగుల్లో ఉండే క్రోమియం, రాగి లోహాల రిపోర్టులు ఇంకా రావాలి.