అప్‌డేట్: పేదరికం మీద పనిచేసే సంస్థలో చేరాలా అని అడిగాను, చేరాను

రెండు నెలల క్రితం అడిగాను: కంపెనీ ఉద్యోగం వదిలి, నిరుపేద కుటుంబాల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలో చేరితే ఉద్యోగం నిలుస్తుందా అని. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు పనికొచ్చింది "మీ జీతం ఏ నిధి నుంచి వస్తుందో అడగండి" అన్న సలహా. అడిగితే దాచకుండా చెప్పారు. ఒకే దాత ఇచ్చిన ప్రాజెక్టు గ్రాంటు అది, ఇంకా 14 నెలలే ఉంది. ఆ డబ్బు ఆ ప్రాజెక్టుకే వాడాలి కాబట్టి గ్రాంటు ఆగితే నా పోస్టూ ఆగుతుంది. ఆఫర్ లెటర్‌లో ఈ మాటే లేదు! తెలిసిన ఆడిటర్‌కి వాళ్ల వార్షిక లెక్కలు చూపిస్తే, షరతుల్లేని నిధి, అంటే ఏ పనికైనా వాడుకోగల డబ్బు, సంస్థ ఆరు నెలల ఖర్చుకి సరిపోతుందన్నారు. దాంతో గ్రాంటు పొడిగించకపోతే మూడు నెలల ముందే చెప్పాలని రాతపూర్వకంగా అడిగాను, ఒప్పుకున్నారు.

సంస్థ ఖర్చులో పరిపాలనకు పోయే శాతం చూసి నేను పడ్డ టెన్షన్ అనవసరం. సిబ్బంది శిక్షణ, ఆడిట్ లాంటి తప్పనిసరి పనులు చాలావరకు అందులోకే వస్తాయి.

వీళ్లది 2002లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పద్ధతి: కుటుంబానికి మేకల్లాంటి జీవనాధారం, కొన్నాళ్లు ఖర్చులకు సాయం, శిక్షణ, క్రమం తప్పకుండా ఇంటికొచ్చి సలహా. ఆ ఇళ్లకు వెళ్లే పని నాకిచ్చారు. మూడు వారాలైంది, చాలా సంతోషంగా ఉన్నాను.